బిల్లుకు నల్లవి, టీకి ఎర్రవి

మా వీధి లెక్కల సారు పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. కబురు మాకు ఫోనులో, పైపు గ్యాసు గ్రూపులో తెలిసింది. మార్కాపురంలో మా వీధికి గ్యాసు గొట్టాలు వేసినప్పుడు పెట్టుకున్న గ్రూపు అది. దాంట్లో మీటరు ఫొటోలు తప్ప ఇంకేమీ పెట్టకూడదని రూలు పెట్టింది సారే. ఆ రోజు మొదటిసారి రూలు తప్పాం.

నేను హైస్కూల్లో ఆయన దగ్గరే చదివాను. పలకల ఊరు కాబట్టి హైస్కూల్లో కూడా ఆయన బల్ల మీద ఒక పలక ఉండేది. లెక్క తప్పితే కొట్టేవారు కాదు. ఆ తప్పును పలక మీద రాయించి, పక్క క్లాసులన్నిటికీ చూపించి రమ్మనేవారు. "చెరిపేస్తే మర్చిపోతావు రా. నలుగురికీ చూపిస్తే చచ్చినా మర్చిపోవు" అనేవారు. ఆడపిల్లల సెక్షనుకు కూడా వెళ్ళొచ్చిన నేను ఇప్పటికీ ఏదీ మర్చిపోలేదు.

గ్యాసు వచ్చిన మొదటి నెల, రీడింగు తీయడం వీధికి నేర్పే పనిని ఎవరూ అడక్కుండానే సారు నెత్తికెత్తుకున్నారు. మా ఇంటి మీటరు ముందు నిలబడి, కళ్ళజోడు సవరించుకుని, ఉన్న అంకెలన్నీ కలిపి చదివారు.

"పదకొండు వేల నాలుగు వందల ఎనభై రెండు యూనిట్లు. ఏందిరా నాయన, ఇంట్లో ఇటుకల బట్టీ పెట్టినారా?"

ఆయన ఇంట్లోనూ తొమ్మిది వేలు దాటింది. నాలుగు రోజులు వీధిలో ఎవరూ స్టవ్ ముట్టలేదు. మా ఆవిడ మేడ మీద మూడు రాళ్ళు పెట్టి కట్టెలతో వండింది. ఊదీ ఊదీ నేను ఒక కనుబొమ్మ కాల్చుకున్నాను. రోజుకు ఆరు టీలు తాగే సారుకు ఆయన భార్య, వీధంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, మజ్జిగ పోసింది. ఆమెకు టీ అలవాటే లేదు కాబట్టి జాలి కూడా లేదు.

ఐదో రోజు గ్యాసు కంపెనీ మనిషి వచ్చి చూశాడు. "సార్, బిల్లుకు నల్ల అంకెలే. చివరి మూడు ఎర్రవీ యూనిట్లో ముక్కలు. వీళ్ళు వాడింది పదకొండే" అన్నాడు.

వీధంతా నవ్వింది. ముప్పై ఏళ్ళు ఊరికి దశాంశాలు నేర్పిన మనిషి దశాంశం దగ్గరే బోర్లా పడ్డారు. "ఎర్రసిరాతో దిద్దీ దిద్దీ, ఎర్రగా ఉండేదే ముఖ్యం అనుకున్నాను రా" అని తల వంచుకుని లోపలికి పోయారు. ఇక వీధిలో ఆయన లెక్క ఎవరు నమ్ముతారని నాకు నిజంగా బాధేసింది.

సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చారు. చేతిలో పలక. దాని మీద 11482, పక్కన పదికి సున్నా, కింద సంతకం.

"చూసినావా? చూసినానని చెప్పు, ఇంకా పక్కింటికి పోవాల."

ఇరవై రెండు ఇళ్ళూ తిరిగారు. నవ్వు ఆపుకుంటూ తలుపు వేశాను కానీ కళ్ళు తడిశాయి. ఆ తర్వాత ఆయన లెక్కను వీధిలో ఎవరూ మళ్ళీ సరిచూడలేదు.

ఆయన మాత్రం ఆ ఎర్ర అంకెల్ని వదల్లేదు. స్టవ్ వెలిగించే ముందోసారి, టీ దించాక ఓసారి మీటరు చదివి తీసివేత చేసేవారు. పెద్దమ్మ ఆయనకు పెట్టే ఒక గ్లాసు టీకి ఇరవై ఎర్ర అంకెలు. అదే టీకి మా ఇంట్లో ముప్పై. "మీరు గిన్నె మీద మూత పెట్టరు, మాటల్లో పడతారు" అని తేల్చారు. "బిల్లుకు నల్లవి, టీకి ఎర్రవి" అని ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా పాఠం చెప్పేవారు.

నిన్న రీడింగు రోజు. సారు వాళ్ళ మీటరు దగ్గరికి వెళ్తే, పెద్దమ్మ పలక తెచ్చి నా చేతికిచ్చింది. ఒకవైపు పోయిన నెల అంకె, పైన ఈ నెలది రాయడానికి ఖాళీ. రెండో వైపు అదే 11482, పదికి సున్నా. చెరిగినప్పుడల్లా ఆయనే బలపంతో మళ్ళీ దిద్దుకునేవారట.

"రాయి నాయన. ఎర్రవి రాయొద్దు, ఆయన ఊరుకోడు" అంది. "ఉండు, టీ తాగి పో" అని లోపలికి వెళ్ళింది.

నల్లవి రాశాను. స్టవ్ వెలిగింది, చివరి ఎర్ర అంకె మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఒక గ్లాసుకైతే ఇరవై దగ్గర ఆగాల్సింది, ముప్పై ఎనిమిది దాకా పోయింది.

పెద్దమ్మ నాకు ఒక గ్లాసు తెచ్చి ఇచ్చింది. లోపల రెండో గ్లాసు చల్లారుతూ ఉండాలి.