మస్తానక్క రాసిన జేజి, బొమ్మలాయన గీసిన జేజి

నిన్న పొద్దున వాట్సాప్‌లో మస్తానక్క ఫోటో కనపడింది.

పుట్టినరోజేమో అనుకున్నాను. కేక్ బొమ్మ పెట్టబోతూ, కింద "ఇక లేరు" అని రాసింది చదివాను. పొయ్యి ఆర్పేసి అక్కడే కూర్చుండిపోయాను.

పోయిన వారమే ఫోన్ చేసింది. "ఎండలో తిరగాకు మేరీ, బీపీ మాత్ర మర్చిపోవాకు" అని నాకే జాగ్రత్తలు చెప్పింది.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఈ గ్రూపులో చిన్నవాళ్ళకు ఆమె ఎవరో తెలీదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. నేను ఎమ్మిగనూరులో ఆరో తరగతి. మస్తానక్క ఆదోని నుంచి మా స్కూలుకు తెలుగు టీచరుగా వచ్చి, మా పక్కింట్లో అద్దెకు దిగింది. వెంట వాళ్ళ జేజి కూడా వచ్చింది. స్కూల్లో టీచర్, గేటు దాటితే అక్క.

మా వైపు జేజి అంటే నాయనమ్మ. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే ఉంది.

వాళ్ళు దూదేకులవాళ్ళు. జేజినాయన పోయాక జేజే దూది ఏకే విల్లు పట్టింది. ఆదోనిలో ఇంటింటికీ తిరిగి పరుపుల దూది ఏకి మనవరాలిని చదివించింది. ఆ విల్లు మనిషంత పొడుగు ఉండేది.

ఆ ఇంట్లో రంజానూ ఉంది, ఉగాదీ ఉంది. ఉర్దూ మాత్రం లేదు. దాంతో అందరికీ డౌటే.

స్టాఫ్ రూములో ఒకాయన అడిగాడట. "తురకోళ్ళంటావు, ఉర్దూ రాదంటావు. ఇంతకీ మీరు ఏమిటోళ్ళమ్మా?"

అక్క ఇంటికొచ్చి పుస్తకం రాసింది.

పిల్లల పుస్తకం. పేరు "మా జేజి విల్లు". చిన్నప్పుడు తను ఎంత వెతికినా దొరకని పుస్తకం అది. అవ్వాతాతలున్న కథలు బోలెడు చదివిందట. దూది ఏకే జేజి, మస్తానమ్మ అనే పిల్ల ఒక్క కథలోనూ లేరు.

"బుక్కుల్లో లేకపోతే ఊర్లో గూడా లేనట్టే అనిపిస్తాది మేరీ" అనేది నాతో. నాకప్పుడు అర్థం కాలేదు.

కోస్తాలో ఎక్కడో ప్రెస్సువాళ్ళు అచ్చు వేస్తామన్నారు. బొమ్మలు కూడా వాళ్ళే వేయిస్తామన్నారు.

ఇంక జేజి సంబరం చూడాలి. జన్మలో ఒక్క ఫోటో దిగలేదు ఆమె. "నా బొమ్మ బుక్కులో వస్తాదంట" అని కుళాయి దగ్గర కనపడినవాళ్ళకంతా చెప్పింది. అప్పటికే కళ్ళకు శుక్లాలు. చూపు ఉన్నప్పుడే తన బొమ్మ చూసుకోవాలని ఆమె ఆత్రం. చూపించాలని అక్క ఆత్రం.

పుస్తకాల పార్సిల్ వచ్చింది. మేమంతా చుట్టూ చేరాం. అక్క మొదటి పేజీ తెరిచింది.

కథ ఇలా మొదలవుతుంది: "మా జేజి చేతిలో విల్లు ఉంటుంది. విల్లు మోగితే తెల్లటి మబ్బులు లేస్తాయి."

కోస్తాలో పసిపిల్లలకు జేజి అంటే దేవుడు. పాపం ఆ బొమ్మలాయన తప్పేముంది. ముచ్చటగా దేవుణ్ణే గీశాడు. తలమీద కిరీటం, చేతిలో బంగారు విల్లు, చుట్టూ మబ్బులు.

జేజి పుస్తకాన్ని కళ్ళకు ఆనించుకుని చాలాసేపు చూసింది.

"ఈయనెవురే, నా విల్లు పట్టుకొని నిలబడినాడు?"

మేము పడీ పడీ నవ్వాం. అక్క నవ్వలేదు. లోపలికి పోయి ఏడ్చింది. ఎన్నాళ్ళకో తన ఇల్లు ఒక పుస్తకంలోకి ఎక్కితే, అందులో తన జేజే లేకుండా పోయింది.

కాసేపటికి బయటికొచ్చి, "ఆ పేజీ చించేసి బుక్కులు పిల్లోళ్ళకు పంచుతా" అంది.

జేజి ఒప్పుకోలేదు.

"దేవుని బొమ్మ ఎవురన్నా చించుతారా? పైన తెల్లకాగితం అంటించు. ఆయన ఎనక కూచుంటాడులే. నేను ముందర కూచుంటా."

మర్నాడు క్లాసులో మైదా బంక కలిపి, అన్ని పుస్తకాల్లోనూ ఆ బొమ్మ మీద తెల్లకాగితాలు అంటించాం. ఎవరి జేజిని వాళ్ళు గీసుకోండి అంది అక్క.

"మేము అజ్జి అంటాం టీచర్" అన్నాడు ఒకడు. "మేము దాదీ అంటాం" అంది ఇంకో పిల్ల.

"ఏమన్నా అనుకోండి. బొమ్మలో మాత్రం ఆమే ఉండాల."

మగ్గం దగ్గర కండెలు చుట్టే అజ్జి వచ్చింది. బీడీలు చుట్టే దాదీ వచ్చింది. నేను మా జేజి చెనక్కాయలు వలిచేది గీశాను. కూలికి పోయే మనిషి ఆమె. ఆమెను కూడా పుస్తకంలో పెట్టొచ్చని నాకు అంతవరకు తోచలేదు.

అక్క కూడా గీసింది. ఆమెకు బొమ్మలు అస్సలు రావు. ముక్కు ఒక పక్కకు పోయింది, విల్లు మంచంకోడులా వచ్చింది. సాయంత్రం జేజి ఆ పేజీని కళ్ళకు ఆనించుకుని చూసింది. తన ముక్కు ఒకసారి తడుముకుంది.

"ఊఁ, నేనే" అంది.

అక్క ముఖంలో అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు నేను.

ఈ పొద్దున నా పుస్తకం వెతికి తీశాను. బంక ఎండిపోయి కాగితం పచ్చబడింది. నా మనవరాలు లాక్కుపోయి ఆ పేజీని కిటికీ వెలుగుకు పట్టింది.

"అవ్వా, ఈమెకు కిరీటం ఉంది చూడు."

పోయి చూశాను.

వెనక ఆయన అలాగే ఉన్నాడు. చెనక్కాయలు వలిచే మా జేజి తలమీద ఆ కిరీటం కరెక్టుగా కూర్చుంది.

మా జేజికి కూడా ఫోటో లేదక్కా. నువ్వు ఆ రోజు గీయించిన బొమ్మ ఒక్కటే మాకు మిగిలింది. ఈ మాట నీకు ఫోన్లో చెప్పి ఉండాల్సింది.

పోయిరా మస్తానక్కా. ముందర మీ జేజి కూర్చుని ఉంటుంది, పక్కన కూర్చో.

మీరు ఏమిటోళ్ళని ఎవరూ అడగని చోట నెమ్మదిగా ఉండు.