కళ్లు మూసుకుని విన్న ప్రేమపాట

పెళ్లయిన ఆరు నెలల్లో మా ఆయన నాతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేవాడు. పంతొమ్మిదివందల యాభైల్లో మాట ఇది. గార్లదిన్నె దగ్గర పల్లెలో మా అత్తగారిది ఒంటిగది ఇల్లు. పెద్దల ముందు మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవడం తప్పు. ఆ ఒక్క గదిలో పెద్దలు లేనిదెప్పుడు? పైగా పెళ్లిపందిట్లోనే ఎవరో "పిల్లకు చదువుండాది గానీ నలుపప్పా" అన్నారు. ఆయనా అదే అనుకుంటున్నాడేమోనని లోలోపల కుమిలిపోయేదాన్ని. ఆ ఏడు వానల్లేక శెనక్కాయ చేలు ఎండిపోయాయి. ఆయన కాలువ తవ్వే పనికి దూరం పోవాల్సి వచ్చింది. నేను ఇష్టమో కాదో చెప్పకుండానే పోతాడని నాకు భయం.

మా ఇంట్లో దీపం పెట్టేవేళ ప్రార్థన జరిగేది. మా ఆయన చిన్నప్పుడు జ్వరంతో చావుదాకా పోయాడట. బిడ్డ బతికితే, చదువొచ్చిన కోడలిని తెచ్చి బైబిలు మొదటి నుంచి చివరిదాకా చదివిస్తానని అత్త మొక్కుకుంది. ఆ కోడల్ని నేను. రోజుకింత చదువుతూ వచ్చి, సరిగ్గా ఆయన ప్రయాణం ముందు సాయంత్రం అందులోని ప్రేమపాట దగ్గర ఆగాను.

మామ మా ఊరి చర్చి సంఘానికి పెద్ద. గొంతు సవరించుకుని, "అది ఇడిసి ముందుకు పోమ్మా" అన్నాడు.

"మొక్కింది నేను. ఒక్క అక్షరం ఇడిసేది లేదు" అంది అత్త.

మామ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అది ప్రభువుకూ సంఘానికీ నడిమి మాట. ఇంగో తలపు రాకూడదు. అందరూ కండ్లు మూసుకోండి" అన్నాడు. పాపం, ఆయనకు తోచిన ఉపాయం అది!

చదివాను. అందులోని పిల్ల ఎండలో తోటలు కాసి నల్లబడింది. అయినా అంతటి అందగత్తె లేదంటాడు ఆమె ప్రియుడు. కళ్లూ, జుట్టూ, మెడా ఒక్కొక్కటే పొగుడుతాడు. మామ ముందు ఆ మాటలు పలుకుతుంటే నా చెవులు వేడెక్కాయి. ఒకచోట ఆగి తలెత్తాను. అత్త, మామ, మరుదులు అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. మా ఆయన ఒక్కడే కళ్లు తెరిచి నన్నే చూస్తున్నాడు. తర్వాత ఎక్కడ ఆపానో వెతుక్కోవాల్సి వచ్చింది.

తెల్లారి మూట భుజాన వేసుకుని గడప దాటినవాడు వెనక్కి తిరిగాడు. మామ పక్కనే ఉన్నాడు.

"ఏమే, ఆ పాటలో ఆయప్ప ఆ పిల్లను ఇడిసి యాడికన్నా పోతాడా?" అందరి ముందూ నన్నే అడిగాడు.

"పోతాడు" అన్నాను.

"మళ్లా వస్తాడా?"

త్వరగా రమ్మని ఆమె పిలవడంతోనే ఆ పాట ముగుస్తుంది. వచ్చాడని రాసి లేదు. దేవుని మాటకు నేను అతికించిన ఒకే ఒక్క అబద్ధం అప్పుడే ఆడాను.

"వస్తాడు."

"అయితే నేనూ వస్తా" అన్నాడు.

మామ మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాకైతే సిగ్గే వేయలేదు. ఆయన దారి మలుపు తిరిగేదాకా కళ్లారా చూస్తూ వాకిట్లోనే నిలబడ్డాను.