పదకొండు మంది పిల్లల మొదటి మాట

డిగ్రీ పిల్లలకు ప్రశ్న అడుగుడు నేర్పాలె. గదే నా కొలువు. జవాబులు నేర్పుడు తేలిక, బజార్ల గైడ్లు దొరుకుతయి. ప్రశ్న నేర్పుడంటే మాత్రం నీళ్లు లేని బాయిల బర్రెకు ఈత నేర్పినట్టుంటది. ఇరవై ఏండ్లు నేర్పిన. బర్రెకు రాలే, నాకే ఉన్న ఈత పోయింది.

జనగామల మొదలుపెట్టిన. ఆఖరి ఏడాది పిల్లలు ఒక స్టడీ ప్రాజెక్టు చెయ్యాలె. ఒక ప్రశ్న ఎంచుకొని, ఊర్లు తిరిగి, నూరుమందిని అడిగి ఫారాలు నింపాలె. రూల్ అది. నడిచేది వేరే. నలుగురు దోస్తులు క్యాంటీన్ల కూసుంటరు. ఒక నీలం పెన్ను, ఒక నల్ల పెన్ను, ఒక పెన్సిలు, ఒక ఎడమ చెయ్యి. చాయ్ చల్లారేలోపల గా బల్ల మీద నూరుమంది రైతులు పుడతరు. తొంబై మంది ‘అవును’ అంటరు, అనుమానం రాకుండ పదిమంది ‘కాదు’ అంటరు. ఒక పిలగాడైతే కొన్ని ఫారాల మీద వేలిముద్రలేసి, పక్కన పసుపు మరక గూడ అంటించిండు. వానికి రెండు మార్కులు ఎక్కువేసిన. కళ ఎక్కడున్నా కళే గదా.

టైటిళ్లు కాలేజీ ఎదురుంగ జిరాక్స్ షాపుల దొరికేవి. పాతదాంట్ల తొర్రూరు అన్న ఊరి పేరు తీసి గార్ల అని పెడితే కొత్త పరిశోధన. ‘ఒక పరిశీలన’ అని రాసిన కాగితాలన్నీ పరిస్తే జనగామ నుంచి గోదారి దాక కాలికి మట్టంటకుంట పోవచ్చు.

అటెన్క మహబూబాబాద్‌కు ట్రాన్స్‌ఫరైంది. కొత్త ఊరు గదా, రోషమొచ్చింది. క్లాసుల చెప్పిన: మీకు నిజంగ తెల్వనిది, తెల్సుకోకుంటే అన్నం సయించనిది ఒక్కటి రాసుక రాండ్రి. అభివృద్ధి, సాధికారత అని రాసినోళ్లు బయట నిలవడాలె. తెల్లారి అరవైమందిల యాభై తొమ్మిది మంది వరండాల నిలవడ్డరు. ప్రిన్సిపాల్ సార్ చూసి స్ట్రైకనుకున్నడు.

లోపల మిగిలింది ఒక్క పిల్ల. గూడూరు దిక్కు తండా నుంచి రెండు ఆటోలు మారి వచ్చేది. ఆమె కాగితం మీద రాసింది గిది: ‘మా తండా పిల్లలు అంగన్వాడీల మొట్టమొదలు తెలుగుల ఎన్నో రోజు మాట్లాడుతరు? ఏం మాట?’

వాళ్లింట్ల లంబాడి మాట. అంగన్వాడీ టీచరుది తెలుగు. గీ ప్రశ్న ఎక్కడిదని అడిగిన.

“చిన్నప్పుడు అంగన్వాడీల నన్ను మూగపిల్ల అనుకున్నరంట సార్,” అన్నది.

నా కొలువుల మొదటిసారి, నాకు గూడ జవాబు తెల్వని ప్రశ్న నా చేతికొచ్చింది.

మూడు నెల్లు ఆ పిల్ల పొద్దున అంగన్వాడీల ఓ మూలకు కూసొని, మధ్యాహ్నం కాలేజీకొచ్చేది. కొత్తగ చేరిన పిల్లలు పదకొండు మంది. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ. అయిదుగురి మొదటి మాట ‘గుడ్డు’. ఒక పిల్ల నాలుగో రోజే ‘ఆగు’ అన్నది. ఇంకొకడు నలభై రోజులు గమ్మునుండి, ఒకటేసారి ‘టీచర్, గీడు కొట్టిండు’ అని నిండు వాక్యం పలికిండు. ఆ నోట్‌బుక్కు చదివి, పెండ్లినాడు గూడ నాకు గింత సంతోషం కాలేదని ఇంట్ల నోరు జారిన. రెండు రోజులు నా అన్నం నేనే వండుకున్న.

దాన్ని రాష్ట్ర స్థాయి పోటీకి పంపాలని నా ఆశ. ఆ పిల్ల ఆశ వేరే. పైన పెద్ద సార్లు చదివితే తండాల వాళ్ల మాట తెలిసిన టీచరును పెడతరేమోనని. వాళ్ల చిన్న చెల్లె వచ్చే ఏడు అంగన్వాడీకి పోవాలె.

ప్రిన్సిపాల్ సార్ పేజీలు తిప్పి, పదకొండేంది, రూల్ల నూరున్నది గదా అన్నడు. పదకొండు మందిని మూడు నెల్లు చూసుడు నూరుమందిని ఒక గంట అడుగుడు కంటె పెద్దపనని వాదించిన. సార్ ఓపికగ విన్నడు. తెల్లారితే ఆఖరి తేదీ అని గుర్తుచేసిండు.

నేను ఆ పిల్లను స్టాఫ్‌రూంకు పిలిచి, తేనెపూసిన గొంతుతోని చెప్పిన. “బిడ్డా, జర నూరు చెయ్యి.”

నా మొఖం దిక్కు చూసింది. “మిగిలిన ఎనభై తొమ్మిది మంది ఏం మాట అన్నరని రాయాలె సార్?”

ఏ మాటకైనా ఎదురు మాట తయారుగుండే నోరు నాది. ఆ రోజు దానికి దొరికింది గింతే: “‘గుడ్డు’ అనే రాయి. ఎవలు చూస్తరు?”

రాసింది. నీటుగ రాసింది, అనుమానం రాకుండ నడుమ నడుమ కొన్ని వేరే మాటలు గూడ కలిపింది. రెండో బహుమతొచ్చింది. న్యాయనిర్ణేత ఒకాయన మైకుల నూరుమంది పిల్లలను చూసినందుకే మెచ్చుకున్నడు. చెల్లెకు వాళ్ల మాట తెలిసిన టీచరు సంగతి ఎవలూ ఎత్తలే. పేపర్ల ఫోటో పడ్డది. నడిమిట్ల శాలువ కప్పుకొని నేను, పక్కన ఆ పిల్ల చెవొక్కటి. ఇప్పుడు ఆ ప్రాజెక్టు పుస్తకం తెరిస్తే, నూరుమందిల నిజంగ నోరు తెరిచిన పదకొండు మంది ఎవలో నేనే చెప్పలేను.

నేనిప్పుడు భూపాలపల్లిల ఉన్న. ఇక్కడ బొగ్గు దుమ్ముకు పొద్దుగాల రాసిన బోర్డు పగటాల్లకు దానంతటదే నల్లగైతది, తుడిచే పని తప్పింది. ఆ పిల్ల పీజీ చేస్తున్నది. పోయిన నెల ఫోన్ చేసింది. మంచిచెడ్డలు అడిగినంక, ప్రాజెక్టుకు ఏదన్న టైటిల్ చెప్పుమన్నది.

“నీకేం తెల్సుకోవాలనున్నది బిడ్డా?” అన్న.

“తెల్సుకునుడేముంది సార్,” అన్నది. “శుక్రారం లోపల ఇయ్యాలె.”