మా అక్షితకు మాట తెచ్చిన గ్రేస్ మేడమ్

నిన్న పొద్దుగాల గ్రేస్ మేడమ్ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"చెప్పండి మేడమ్" అన్న, ఎప్పటిలెక్కనే.

అవతల వాళ్ల తమ్ముడు. "అక్క పోయిందమ్మా. హార్ట్ ఎటాక్."

కుట్టేటి బ్లౌజ్ అట్లనే ఇడిసిపెట్టి కూసున్న.

తెల్వనోళ్లకు చెప్త. మేడమ్ మట్టెవాడల చిన్న రూములో చెవుల టెస్టులు చేసే ఆడియాలజిస్ట్. మా బిడ్డ అక్షిత ఇయ్యాల మాట్లాడుతాందంటే ఆమె వల్లనే.

రెండున్నరేండ్లొచ్చినా పిల్ల ఉలకలే, పలకలే. వెనుక ప్లేట్ పడ్డా తిరిగి చూడకపోయేది. "మాటలు లేటుగ వస్తయ్ తియ్" అన్నరు అందరు. మా అత్తమ్మ మేడారం మొక్కింది. చెవి మిషన్ పెట్టినం, లాభం లేకపాయె.

మేడమ్ టెస్టులు చేసి, నన్ను కూసోబెట్టి, పేపర్ మీద నత్తగుల్ల బొమ్మ గీసింది.

"లోపలి చెవి ఇట్లుంటది రజితా. దీన్నిండ నీళ్లు, నీళ్లల్ల కంటికి కనిపియ్యని వెంట్రుకలు. సౌండ్ వస్తే నీళ్లు కదుల్తయ్, వెంట్రుకలు వంగుతయ్, కరెంట్ పుడ్తది. ఆ కరెంట్ నరం పట్టుకొని మెదడుకు పోతది. గప్పుడే వినిపిస్తది. నీ బిడ్డకు ఆ వెంట్రుకలు పనిచేస్తలేవు. అందుకే సౌండ్ ఎంత పెంచినా దండగ. కానీ నరం మంచిగుంది! ఆపరేషన్ చేసి సన్న వైరు పెడితే, అదే నరానికి కరెంట్ ఇస్తది. జల్ది చెయ్యాలె."

నేను ఏడుస్తనే ఉన్న. "ఫికర్ చెయ్యకు, నేనున్న" అన్నది.

ఆపరేషన్ అయింది.

ఆ వైరుకు కలిపే కొత్త మిషన్ ఆన్ చేసిన రోజు బిడ్డ బెదిరి నా కొంగుల దాక్కుంది. తర్వాత నెలలకు నెలలు ఒక్క మాట రాలే. నాకు ఆశ పోయింది.

మేడమ్ ఇడ్వలే. ప్రతి శనివారం మా ఇంటికే వచ్చేది. పెదవులు చూసి కనిపెట్టొద్దని నోటికి పేపర్ అడ్డం పెట్టుకొని పిలిచేది.

"అక్షితా."

మళ్ల. మళ్ల.

ఒక శనివారం పిల్ల గోడ దిక్కు తిరిగి ఆడుకుంటాంది. మేడమ్ వెనుకనుంచి పిలిచింది.

గిర్రున తిరిగి "ఆఁ!" అన్నది అక్షిత.

మేడమ్ చెప్పులు సుత ఏస్కోకుండ గల్లీలకు ఉరికింది. "విన్నది! మా పిల్ల విన్నది!" అని ఒకటే మొత్తుకునుడు.

ఇప్పుడు అక్షిత టెన్త్. వద్దన్నా ఊకోదు, మాట్లాడుతనే ఉంటది.

ఇయ్యాల మేడమ్ సావుకు పోతే, చర్చిల తనే పోయి మైక్ పట్టుకుంది. "నేను ఫస్ట్ గుర్తుపట్టిన గొంతు మేడమ్‌దే. తర్వాతనే మా అమ్మది" అన్నది.

నాకు రవ్వంత సుత కుళ్లు అనిపియ్యలే.

మేడమ్ మాటలు నేర్పిన పిల్లలందరు చప్పట్లు కొట్టిన్రు. సావు కాడ చప్పట్లేందని ఎవ్వలు అనలే.

గెలిచి పోతున్నరు మేడమ్.
మీ యేసయ్య ఒడిల నిమ్మళంగ పండుకోండ్రి.