నాయిన వెతికిన పేరు

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వే మనిషిని నేను. తుర్కపల్లిలో ఒక మందుల ల్యాబ్‌లో పదమూడేళ్లుగా రికార్డులు సరిచూడటం నా పని. కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క అని మాకు మొదటిరోజే నేర్పుతారు. ఇంట్లో ఎవరికైనా కలలో పెద్దలు కనపడ్డారంటే, ఏ టైంకి కనపడ్డారని అడిగి తిట్లు తిన్నదాన్ని. అందుకే ఇది చెప్పాలంటే నాకే కొంచెం సిగ్గుగా ఉంది.

మా ఇల్లు మేడ్చల్‌లో. నాయినకు ఎనభై దాటాయి. ఏటా పెత్తరమాస, అంటే పితృ అమావాస్య నాడు పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. అయ్యగారు ఒక్కొక్కరి పేరూ అడుగుతారు. తన నాయినమ్మ దగ్గరికి వచ్చేసరికి నాయిన ఆగిపోయేవాడు. ఆయన పుట్టకముందే ఆమె పోయింది, పేరు తెలియదు. అయ్యగారు ఏదో ఒక దేవత పేరుతో కానిచ్చేవారు. నాయిన మాత్రం ఆ పూట అన్నం సరిగా తినేవాడు కాదు.

ఆ పేరు తెలిసిన మనిషి ఒక్కతే మిగిలింది. బౌరంపేట్‌లో ఉండే మా చిన్నవ్వ, అంటే నాయిన చిన్నాయన భార్య. తొంభై దాటింది. ఆమెకు సొంత అత్త పేరే కానీ, అత్త పేరు కోడలు పలకకూడదట. "గామె పేరు నా నోటెంట ఎట్లొస్తది" అని గోడవైపు తిరిగి పడుకునేది. మేమే పేర్లు చెప్తాం, తలూపమన్నాం. పోశవ్వ, లచ్చవ్వ, ఎల్లవ్వ అంటూ తెలిసిన పేర్లన్నీ చదివాం. ఒక్కదానికీ తల ఊపలేదు. మొండిది.

పోయినేడు నాయినకు రెండోసారి పక్షవాతం వచ్చింది. "ఈసారన్న ఆమె పేరుతోటి ఇయ్యాలె బిడ్డా. మల్లేటికి నేనుంటనో లేదో" అన్నాడు. నాయిన తాత వీలునామా ఒకటి రాశాడని ఇంట్లో అనుకునేవాళ్లు. అందులో ఆమె పేరు ఉంటుందేమోనని నాలుగు నెలలు ఆఫీసుల చుట్టూ తిరిగి దాని నకలు తీయించాను. తీరా చూస్తే నిజాం కాలంనాటి ఉర్దూ, అదీ గొలుసుకట్టు రాత.

షామీర్‌పేటలో ఖాదర్ సాబ్ అనే రిటైర్డ్ పంతులు పాత ఉర్దూ కాగితాలు చదివి చెప్తారంటే వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలు, సన్నగా ముసురు. ఆయన అరుగు మీద నుంచి చెరువు కనిపిస్తుంది. ఆ రోజు నీళ్లూ మబ్బూ ఒకే రంగులో కలిసిపోయి గట్టు ఎక్కడుందో తెలియలేదు. ఆయన ఒక వాక్యం ఉర్దూలో చదివి, దాన్నే తెలుగులో చెప్పేవారు. చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే పక్కగదిలో పెద్దవాళ్ల మాటలు వినిపించినట్టు హాయిగా ఉంది. ఎంతసేపు కూర్చున్నానో గుర్తు లేదు. నిద్ర మాత్రం పోలేదు.

"ఇంటెన్క వలలు ఆరేసే దొడ్డి నా భార్య తుల్జవ్వకు, ఆమె బతికినన్ని దినాలు" అని చదివారు. ఆ పేరు రెండుసార్లు చెప్పించుకుని నకలు వెనక పెన్నుతో రాసుకున్నాను.

అటునుంచి అటే బౌరంపేట్ వెళ్లాను. చిన్నవ్వ మంచం మీద కూర్చుని ఉంది. చెవి దగ్గర "తుల్జవ్వ" అన్నాను. ఆమె గబుక్కున కొంగు తల మీదికి లాక్కుని మంచం దిగబోయింది. పడిపోతుందని పట్టుకున్నాను. "ఎవలు జెప్పిన్రే" అంది. కాగితంలో ఉందన్నాను. నేను తిరిగి బయల్దేరేదాకా ఆ కొంగు తీయలేదు.

ఆ పెత్తరమాసకు నాయిన ఆగలేదు. పేరు గట్టిగా చెప్పి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. ఆ పూట అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు.

ఉద్యోగం అలవాటు ఊరుకోనివ్వదు కదా. ఇంట్లో దాచుకోవడానికని ఒక అనువాదకుడి చేత ఆ వీలునామాను పూర్తిగా తర్జుమా చేయించాను. అందులో 'నా భార్యకు' అని మాత్రమే ఉంది. పేరు లేదు. ఇంకొకరికి చూపించాను. ఆయనా అదే మాట. ఆ వీలునామాలో ఏ ఆడమనిషి పేరూ లేదట.

నకలు పట్టుకుని మళ్లీ ఖాదర్ సాబ్ దగ్గరికి వెళ్లాను. ఆయన అద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు. "నేను సదివిన గద బిడ్డా. ఈడనే ఉండె" అన్నారు. ఆయన వేలు పెట్టిన చోట భార్య అనే మాట, దాన్ని ఆనుకునే తర్వాతి మాట. మధ్యలో పేరు పట్టేంత జాగా కూడా లేదు. కాగితం వెనక నా రాత మాత్రం అలాగే ఉంది. ఆయనకు మా వాళ్లెవరూ తెలియరు, బౌరంపేట్‌లో ఎవరూ లేరు. ఆ పేరు ఆయన నోటికి ఎలా వచ్చిందో ఆయనా చెప్పలేకపోయారు, నేనూ ఈరోజుకీ చెప్పలేను.

నాయినకు ఈ సంగతి చెప్పలేదు. మొన్న ఆ కాగితం తెమ్మని, "మా నాయినమ్మ పేరు యాడున్నదో సూపియ్యి" అన్నాడు. ఆయనకు ఉర్దూ రాదు. నేను ఆయన వేలు పట్టుకుని భార్య అనే మాట మీద పెట్టాను.

నాయిన దాన్ని మెల్లగా తడిమి, "మంచిగ రాసిండు తాత" అన్నాడు.