మా మేనత్త బావి గిలక

ఈ కబురు నాకు మొదట మోసుకొచ్చింది మా చెల్లెలి మనవరాలు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతూ, ఆదివారం వస్తే నా దగ్గరికి వచ్చి, నేను చేసిన ఉగ్గాని తిని, దేవుడి గూట్లోకి వారానికి సరిపడా వత్తులు చేసిపెట్టి పోయే పిల్ల అది. మొన్న వచ్చినప్పుడు చెప్పులు విడవకముందే మొదలుపెట్టింది. దేశంలో కొత్తగా అణు విద్యుత్ కేంద్రాలు కట్టబోతున్నారట, కట్టాలని కొందరూ వద్దని కొందరూ టీవీల్లో ఒకరి మాట ఒకరికి వినపడకుండా అరుచుకుంటున్నారట, వాళ్ల కాలేజీలో దాని మీదే వక్తృత్వ పోటీ పెట్టారట. నువ్వు ఏ పక్క మాట్లాడతావు తల్లీ అని అడిగితే, ఇంకా తెలీదు జేజీ, చీటీలో ఏ పక్కొస్తే ఆ పక్క మాట్లాడాల అంది. నాకు నవ్వొచ్చింది. పిల్ల వెళ్లిపోయాక కూడా ఆ మాట చాలాసేపు చెవిలో ఉండిపోయింది, మనసేమో ఎక్కడో పులివెందుల వైపు కొండవాలులో మా మేనత్త బావి గట్టు మీద వెళ్లి కూర్చుంది.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి. మాది వేంపల్లెకూ పులివెందులకూ నడుమ చిన్న ఊరు. బడికి పోయే యోగం నాకు లేకపోయింది గాని, ఆ భగవంతుడు దానికి బదులుగా మా నాయనను ఇచ్చాడు. కడప నుంచి బస్సులో ఒకరోజు ఆలస్యంగా వచ్చే పత్రికను ఒళ్లో పరుచుకుని, పెద్ద అక్షరాల మీద నా వేలు పెట్టించి చదువు చెప్పాడాయన. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ చలవే. సాయంత్రమైతే మా అరుగు మీద నాయన పత్రిక గట్టిగా చదివేవాడు, వీధి వీధంతా వినేది. వినేవాళ్లలో ముందువరస దూదేకుల మామది. పరుపులకూ బొంతలకూ దూది ఏకిపెట్టే మనిషి, మతం వేరైనా నాయనకు బావ వరస, కాబట్టి మా మేనత్త ఆయనకు వదిన. ఆ వరసను ఆయన ఏనాడూ వృథా పోనివ్వలేదు.

మా మేనత్త నాయనకు అక్క. చిన్నతనంలోనే పసుపుకుంకాలు పోగొట్టుకుని పుట్టింటికి వస్తే, మా తాత కొండ కింద కొంత మెట్టచేను ఆమె పేర పెట్టాడు. ఆ చేనికి నీళ్లు తప్ప అన్నీ ఉన్నాయని ఆమె నవ్వుతూ అనేది. ఒకసారి బావి తవ్వించింది, బండ పడింది, ఆ గుంత అలాగే ఉండిపోయింది. ఆమె కనపడినప్పుడల్లా దూదేకుల మామ, బావిలో రాళ్లు బాగా ఊరతాండాయా వదినా అని పలకరించేవాడు. ఊరతాండాయి, నీ ఇంటికొక తట్ట పంపిస్తా, వండుకో అనేదామె. తాగే నీళ్లకు ఊరి ఆడవాళ్లందరం వాగు దాకా పోయి, ఇసుకలో చెలమ తీసి, కొబ్బరిచిప్పతో కడవ నింపుకునేవాళ్లం.

అలాంటి ఊరికి ఒకరోజు జీపు వచ్చింది. దిగినవాళ్లలో ఒక ఆఫీసరు, కోస్తా వైపు మనిషి, భుజానికి ఒక పెట్టె తగిలించుకుని, చెవులకు బిళ్లలు పెట్టుకుని, నేల వైపు చూసుకుంటూ చేలల్లో మెల్లగా నడవడం మొదలుపెట్టాడు. మా వైపు అలా నేల చూస్తూ నడిచే మనిషికి ఒకటే పని, నీళ్లు చూడడం. వేప పంగలకర్రతో చూసేవాళ్లున్నారు, అరచేతిలో టెంకాయ పెట్టుకుని చూసేవాళ్లున్నారు, ఈయన సర్కారు మనిషి గనుక పెట్టెతో చూస్తున్నాడనుకున్నాం. ఎవరూ అడగనూ లేదు. అడిగితే రాయి కోసమని చెప్పేవాడేమో గాని, మా సీమలో రాళ్లను వెతుక్కుంటూ తిరిగే మనిషి ఉంటాడని ఎవరు నమ్ముతారు? మా మేనత్త చేను మూలకు వచ్చేసరికి ఆ పెట్టె మంగలంలో శనక్కాయలు వేయించినట్టు చిటపటలాడింది. ఆయన అక్కడి బండ మీద ఎర్రరంగు గుర్తు పెట్టి వెళ్లిపోయాడు. జీపు రేపిన దుమ్ము అణగకముందే మా మేనత్త ఆ ఎర్రగుర్తు దగ్గర టెంకాయ కొట్టింది.

నాయన తిట్టాడు, మామ నవ్వాడు, ఆమె మాత్రం ఎవరి మాటా వినకుండా అక్కడే తవ్వించింది. నీళ్లు పడ్డాయి. గుంతలో ఊట కనపడినప్పుడు ఆమె ఏడవలేదు, నవ్వలేదు, చెంగు తలమీదికి లాక్కుని గండి ఆంజనేయస్వామి గుడి వైపు తిరిగి దండం పెట్టింది. శ్రావణ శనివారం నాడు తొలి బిందె నీళ్లు ఆ స్వామికి తీసుకుపోయి వచ్చాకే కొయ్యగిలక బిగించారు. వీధంతా ఆ బావికే వచ్చేది. తెల్లవారి ఆ గిలక కిర్రుమంటే మాకు అది సుప్రభాతమే.

శనక్కాయ పంట ఇళ్లకు చేరాక జీపు మళ్లీ వచ్చింది. తన ఎర్రగుర్తు దగ్గర బావి కనపడేసరికి ఆఫీసరుకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి, పసిపిల్లలు దోసిళ్లతో తాగుతుండడం చూసి ఉన్నట్టుండి ఆగిపోయాడు. తాము వెతికింది నీళ్లను కాదనీ, అణుశక్తికి పనికొచ్చే రాయిననీ, ముందుముందు అలాంటి రాతితోనే కరెంటు తీస్తారనీ నాయనకు చెప్పాడు. బావి నీళ్లు సీసాల్లో పట్టుకున్నాడు, పరీక్ష చేయించేదాకా తాగకుంటే మంచిదన్నాడు. మా మేనత్త జనాన్ని దాటుకుని ముందుకొచ్చి, తాగితే ఏమైతాది నాయనా అని అడిగింది. ఆయన సీసాలకు మూతలు బిగించి, నాకు తెలియదమ్మా, తెలిశాక చెబుతాను అన్నాడు.

ఇక ఆ సాయంత్రం నుంచి మా అరుగు మీద జరిగిన వాదన ముందు ఈనాటి టీవీలు ఏపాటివి! నాయన కరెంటు పక్షం. రాతి నుంచి కరెంటు తీసే కార్ఖానా మన కొండ కిందే కట్టాలనీ, ఇంటింటికీ దీపం, చేనుచేనుకూ మోటారు వస్తాయనీ, దేశమంతా వెలిగేటప్పుడు మనం బుడ్డిదీపం పట్టుకుని కూర్చుంటామా అనీ ఆయన వాదన. కొండకు కంచె వేస్తే మేకలు యాడ మేయాల, కరెంటు తీగలు మేస్తాయా బావా అని మామ అడ్డం పడేవాడు. అదంతా భూమి లాక్కోవడానికి పెట్టిన భయమని కొందరు, బావిని రాళ్లేసి పూడ్చేయమని కొందరు. ఒకరోజు మామ, మా వదిన ఇన్నాళ్లు ఆ నీళ్లు తాగిందే, చీకట్లో కడుపేమన్నా వెలుగుతాందేమో చూడండప్పా అన్నాడు. వెలిగితే నీకే మేలు కదప్పా, వచ్చి నీ ఇంట్లో కూచుంటా, కిరసనాయిలు మిగులుతాదిలే అందామె లోపలి నుంచి. అంత వేడి వాదనలోనూ అరుగు అరుగంతా నవ్వింది.

మర్నాడు పొద్దున్నే ఆమె బావి దగ్గరికి పోయి గిలక తీసేసింది.

నీళ్లకు వచ్చిన ఆడవాళ్లు కడవలు పట్టుకుని నిలబడిపోయారు. నాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. అప్పుడు ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ ఆమె గొంతుతోనే వినిపిస్తుంది. "నా కడుపుకైతే నేను పూచీ పడతా. ఊళ్లో పసిబిడ్డల కడుపులకు నేనెట్ల పూచీ పడేది? ఆయప్ప తెలీదన్నాడు. తెలిసిందాకా ఉండనీ."

ఆ గిలకను మా వంటింట్లో ఆంజనేయస్వామి పటం కింద మేకుకు తగిలించింది. శనివారం శనివారం పటానికి పెట్టిన చేత్తోనే దానికీ బొట్టు పెట్టేది. కడవ ఎత్తుకుని అందరికంటే ముందు తానే వాగుకు నడిచేది. ఎండాకాలం వచ్చింది. చెలమలు ఎంత తవ్వినా కడవ నిండేసరికి నడినెత్తిన పొద్దు. నీళ్లు పెట్టుకొని ఊరిని దప్పికతో మాడుస్తాండావు అని ముఖం మీదే అన్నవాళ్లున్నారు. ఆ ఆఫీసరు ఇంకెక్కడొస్తాడు, ఈపాటికి నిన్నూ నీ బావినీ మర్చిపోయింటాడు అక్కా అని నాయన కూడా విసుక్కున్నాడు. అందరికంటే మా మేనత్తనే ఎక్కువ బాధపెట్టింది ఆమె చేనే. నిండా నీళ్లున్న బావి పక్కన ఆమె పెట్టుకున్న మునగచెట్లు వాడిపోతుంటే, వాగు నుంచి తెచ్చిన కడవలో తన స్నానం నీళ్లు మిగిల్చి వాటికి పోసేది. ఆ ఆఫీసరు రాకపోతే ఆ బావి ఉన్నా లేనట్టేనని ఆమెకు తెలుసు. రాత్రి పడుకునే ముందు పటం కింద ఆ గిలకను ఒకసారి చేత్తో తిప్పి చూసుకునేది.

మళ్లీ శ్రావణం వచ్చింది. గండికి పోయే జనంతో కిక్కిరిసిన బస్సులోంచి ఆ ఆఫీసరు మా ఊరి దగ్గర దిగాడు. జీపు లేదు, పెట్టె లేదు, చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. వేరే రాష్ట్రానికి బదిలీ అయిందట, పోయేలోగా చెప్పిపోదామని వచ్చాడట. ఈ బావి నీళ్లు తాగవచ్చునమ్మా, కొండను ఆనుకుని మాత్రం ఇంకో బావి తవ్వించకండి, నాకు తెలిసింది ఇంతవరకే అన్నాడు. మా మేనత్త లోపలికి పోయి గిలక తెచ్చింది. దాన్ని నాయన మోశాడు, మామ గట్టెక్కి బిగించాడు. తొలి చేద పైకి రాగానే ఎవరూ చెప్పకముందే ఆ ఆఫీసరు వంగి దోసిలి పట్టాడు. ఆయన తాగినంతసేపూ ఆమె పోస్తూనే ఉంది.

"తెలీదని చెప్పినోడివీ నువ్వే, తెలిసిందని నడిచొచ్చినోడివీ నువ్వే. నిన్ను కన్న తల్లి సల్లగుండాల నాయనా" అంది. అప్పుడు ఏడ్చింది మా మేనత్త.

మా కొండ కింద కార్ఖానా ఏదీ రాలేదు. కరెంటు మాత్రం ఎన్నో ఏళ్లకు ఎక్కడి నుంచో స్తంభాల మీద నడిచి వచ్చింది, మా నాయన చివరి రోజుల్లో బల్బు కింద పత్రిక చదువుకున్నాడు, ఆ సంతోషం చాలు. నేను ప్రొద్దుటూరు కోడలినై వచ్చాను, మా ఆయన ఉద్యోగం వెంట జమ్మలమడుగులో కొంతకాలం ఉన్నాను, ఎక్కడున్నా దేవుడు నాకు తక్కువ చేయలేదు. ఆ బావి ఇప్పుడు ఎండిపోయింది. చుట్టూ బోర్లు పడ్డాక ఊట ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఊళ్లో అందరూ క్యాను నీళ్లే తాగుతున్నారు. ఆ నీళ్లు ఎక్కడివో, పోసేవాడెవరో మనం అడగం, వాడూ చెప్పడు. వాదనలకేం, ఇప్పుడూ ఉన్నాయి, అప్పటికంటే పెద్ద గొంతుతోనే. వాదించుకున్న ఇద్దరూ ఒకే బావి దగ్గర చేద పంచుకోవడం మాత్రం ఎక్కడా కనపడదు. తెలియదు అనే మాట అయితే చెవిన పడి ఎన్నేళ్లయిందో.

ఇంతకీ నువ్వు ఏ పక్క జేజీ అని ఆ పిల్ల పోతూ పోతూ అడిగింది. అణువు సంగతి నాకేం తెలుసు తల్లీ, నాకు తెలియదు అన్నాను. చీటీలో వచ్చిన పక్క బాగా మాట్లాడు, అక్కడ తెలియనిది ఒకటి తగిలితే తెలియదనే చెప్పు, మార్కులు పోతే పోనీ అన్నాను. నవ్వి, చెప్పులు వేసుకుని వెళ్లింది.

మిమ్మల్ని నేను కోరేది ఒక్కటే. ఈ పూట దాహమై గ్లాసు చేతిలోకి తీసుకున్నప్పుడు, నిండు బావి ఎదురుగా పెట్టుకుని, ఊరి బిడ్డల కోసం దాని గిలక తీసి దేవుడి దగ్గర తగిలించి, వాగుకు నడిచిన మా మేనత్తను ఒక్కసారి తలుచుకోండి.