సింహాచలం పేరున వచ్చిన చెక్కు

ఇరవై రెండేళ్లుగా నా గుండెల మీద ఒక స్లాబు ఉంది. మాటవరసకి అనడం లేదు. నిజంగా సిమెంటు స్లాబే. మా ఇంటికి నేను వేయించినది, వీధి అరుగు మీదకి కూడా నాలుగడుగులు ముందుకి లాగించినది. మధ్యాహ్నం భోజనం చేసి దాని కింద నడుం వాలిస్తే, అది కాస్త కిందికి దిగినట్టు ఉంటుంది. దిగదని తెలుసు. అయినా లేచి కూర్చుంటాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. ఆవిడ నా అబద్ధాన్ని నమ్ముతూనే పోయింది. మీరెవరో నాకు తెలియదు, నా ముఖం మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

పేరు మాత్రం చెప్పక తప్పదు. తప్పంతా ఆ పేరులోనే ఉంది. నా పేరు సింహాచలం. చెప్పినంత మాత్రాన దొరికిపోతానని భయం లేదు. మా శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఊరి వీధిలోనైనా నిలబడి సింహాచలం అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. అందులో ఇద్దరు మగవాళ్లుంటే ఇద్దరు ఆడవాళ్లుంటారు. దేవుడి కొండ పేరు, ఎవరికైనా పెట్టుకోవచ్చు. అందుకని మా ఊళ్లో ప్రతి సింహాచలానికీ ముందొక మాట తగిలిస్తారు. నన్ను కోతల సింహాచలం అంటారు. వరి కోతలు కావు. శ్రీముఖలింగం వెళ్లొచ్చి, వంశధారలో నాతో పాటు మొసలి కూడా స్నానం చేసిందని చెప్పే రకాన్ని నేను. మొసలి లేదు. దుంగ. అదీ అవతలి ఒడ్డున.

రెండో సింహాచలం ఆడమనిషి. మాకు దాయాది వరసలో తమ్ముడైన లచ్చన్నకి భార్య. ఇంటిపేరు ఒకటే, పేరూ ఒకటే. ఆమె కాపురానికి వచ్చిన వారంలోనే "ఏటే మరదలా, నా పేరెత్తుకొచ్చీసినావు" అని ఏడిపించాను. ఆ వేళాకోళం మా మధ్య అలాగే ఉండిపోయింది.

లచ్చన్న మా వైపు చాలామందిలాగే చెన్నైకి బిల్డింగు పనులకి వెళ్లాడు. అక్కడ స్లాబు పోస్తుండగా సెంట్రింగు కర్రలు విరిగి కిందపడ్డాడు. శవం బండిలో వచ్చింది. పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. ఇందులో పెంచి చెప్పింది లేదు. ఎడమ వైపు, ముందు.

తర్వాత నాలుగు నెలలకో ఏమో, మా పోస్టుమాను సెలవు పెట్టాడు. బదులుగా పాతపట్నం వైపు నుంచి వచ్చిన కొత్తతను టీకొట్టు ముందు సైకిలు ఆపి కవరు మీద పేరు చదివాడు. ఇంటిపేరుకి ఒక పొడి అక్షరం, తర్వాత సింహాచలం. పాతవాడైతే ఎవరినీ అడగకుండానే ఆమె గుమ్మంలోకి వెళ్లేవాడు. కవరు మీద కోతల అనీ లేదు, లచ్చన్న పెళ్లాం అనీ లేదు.

"నేనే" అన్నాను. అతను చూపించిన చోట సంతకం పెట్టాను. దొంగ సంతకం కాదు. నా సొంత సంతకమే.

అది ఆమెకి రావలసినదని అప్పటికి నాకు తెలుసా? ఇంటికెళ్లి కవరు చింపి చూశాకే తెలిసిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. చెప్పగా చెప్పగా అది నిజమేమో అన్నంత దూరం వచ్చాను. కానీ కవరు మూల చెన్నై కంపెనీ పేరు అచ్చువేసి ఉంది. నాకు చెన్నైలో ఎవరున్నారు? నాకు ఉత్తరం రాసే కంపెనీ ఈ లోకంలో ఏముంది? పెన్ను చేతిలోకి తీసుకున్నప్పుడే తెలుసు.

కవరులో ఉన్నది లచ్చన్న ప్రాణానికి కంపెనీ కట్టిన పరిహారం చెక్కు. దాని మీద రెండు అడ్డగీతలున్నాయి. అంటే ఖాతాలో వేసుకోవలసిందే. నా ఖాతా అదే పేరున ఉంది. బ్యాంకులో మేనేజరు నన్ను కూర్చోబెట్టి సవాలక్ష ప్రశ్నలు వేశాడని, తడుముకోకుండా జవాబులిచ్చానని రాయబోయాను. లేదు. ఒక్క ప్రశ్న కూడా ఎవరూ వేయలేదు. పేరు చూశారు, ముద్ర కొట్టారు. వారంలో డబ్బు పడింది.

పడ్డాక భయం పట్టుకుంది. శ్రీకాకుళం కోర్టు ఆవరణలో ఒక పెద్ద వయసు ప్లీడరుని పట్టుకుని, నా స్నేహితుడికి ఇలా జరిగిందండీ అని చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. పొరపాటున చేతికి రావడం నేరం కాదన్నాడు. ఎవరిదో తెలిశాక ఉంచుకోవడం నేరమన్నాడు. తన పేరే కదండీ, తన సంతకమే కదండీ అన్నాను. కోర్టు అడిగేది పేరు ఎవరిదని కాదు, డబ్బు ఎవరిదని, అన్నాడు. మోసమని తేలితే ఏడేళ్ల దాకా జైలు. ఏళ్లు గడిస్తే కొట్టుకుపోయే కేసు కూడా కాదు. ఇవాళే తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టేస్తే కేసుదాకా రాకపోవచ్చు. అంతా చెప్పి, ఫీజు ఇవ్వబోతే వద్దని, "మీ స్నేహితుడికి నిద్ర పడుతోందా?" అని అడిగి లేచిపోయాడు.

బస్సులో తిరిగి వస్తూ ఇచ్చేద్దామనే అనుకున్నాను. నరసన్నపేట దాటేదాకా అనుకున్నాను.

ఇవ్వలేదు. ఇల్లు కురుస్తోందని ఒక సాకు, ఆమెకి ఎలాగూ తెలియదని ఒక సాకు. స్లాబు పోయించాను. లచ్చన్న స్లాబు పోస్తూ పోయాడన్న సంగతి పని మొదలైన రోజే గుర్తొచ్చింది. పని ఆపలేదు.

డబ్బెక్కడిదని ఊరు అడగదా? అడిగింది. నాకు అంతకంటే కావలసిందేముంది! మా తాత జీడితోట కోసం దావా వేశాననీ, ప్లీడరు నోరు తిరగక నేనే లేచి వాదించాననీ, తీర్పు చదివి జడ్జిగారు నాకు దణ్ణం పెట్టారనీ చెప్పాను. పొందూరు పంచె కట్టుకుని మరీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ తోటలో ఇంకో పది చెట్లు మొలిచేవి. వినేవాళ్లలో ఆమె కూడా ఉండేది. కడుపు పట్టుకుని నవ్వేది. మొగుడు పోయాక ఆమె నవ్వడం అక్కడే చూశాను.

ఏడాది తిరక్కుండా, చెన్నైలో లచ్చన్నతో పనిచేసినవాడొకడు ఊరొచ్చి ఆమెకి విషయం చెప్పాడు. మర్నాడు పొద్దున్నే మా అరుగు దగ్గరికి వచ్చింది. కొంగులో తేగలు తెచ్చింది. అప్పుడే ఉడికించినవి, ఇంకా వేడిగా ఉన్నాయి.

"బావా, కంపినీవోలు సెక్కు ఎప్పుడో పంపీసినారట. సింహాచలం పేరున పాసయిపోనాదట. నాను ఆ కాగితం కంటితో సూడనేదు. నువ్వు కోర్టులో గెలిసినోడివి, నీకు తెలుస్తాది. టేసన్లో అర్జీ ఇవ్వాలంటే ఏటి రాయాల?"

నేను తేగ ఒలుస్తూ కూర్చున్నాను. తల ఎత్తలేదు.

"నీ పేరున పాసయిపోనాదంటే నువ్వు తీసుకున్నట్టే గదే. మళ్లీ నాకు రానేదని రాసిస్తే, రెండోసారి అడుగుతున్నావని మోసం కేసెడతారు. ఏడేళ్లేస్తారు."

"నాను తీసుకోనేదు బావా."

"నాకు తెలుసు. కోర్టుకి తెలీదు గదా."

"నీకు తెలుసు గదా, అయితే నువ్వొచ్చి సెప్పు మరి."

"నా మాటెవడు నమ్ముతాడే? నన్ను కోతల సింహాచలమంతారు."

ఆ మాటకి ఆమె నవ్వింది. నవ్వి, వాళ్లింటి వైపు తిరిగి చూసింది.

"ఏడేళ్లంటే మా అత్తకి గంజెవులు పోస్తారు? ఒగ్గీ బావా, వద్దునే. నువ్వు సెప్పబట్టి సరిపోనాది."

తేగలు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

చెక్కు మార్చుకోవడం ఒక తప్పు. దానికి చట్టంలో పేరుంది, శిక్ష ఉంది. ఆ పొద్దున నేను చేసినదానికి పేరేమిటో ఏ ప్లీడరునీ అడగలేదు. నాకు పడవలసిన శిక్షని తీసుకెళ్లి ఆమెకి చదివి వినిపించాను. ఆమె దాన్ని నెత్తిన పెట్టుకుంది. పైగా నాకు రుణపడ్డట్టు మాట్లాడింది.

ఇక్కడ తినడానికి లేక ఆమె కూడా చెన్నై వెళ్లింది. మొగుడు పడిన కంపెనీలోనే సిమెంటు కలిపే పని. ఏడేళ్లు చేసిందని రాస్తే కథ భలే కుదురుతుంది. కుదరదు. పదకొండేళ్లు. అత్త రెండో ఏడే పోయింది. ఎవరికోసం జైలుకి భయపడిందో ఆ ముసలామెకి, ఈమె రైలు దిగేసరికే మేం కొరివి పెట్టించేశాం.

ఇప్పుడు ఆమె ఊళ్లోనే ఉంది. వంగిపోయింది, దగ్గుతుంది. ప్రతి నెలా ఒకటో తారీకున పింఛను పంచడానికి సచివాలయం ఉద్యోగి మా వీధికి వచ్చి మా అరుగు మీదే కూర్చుంటుంది, స్లాబు నీడ ఉంది కదా అని. ఈ నెల కొత్త అమ్మాయి వచ్చింది. మా మరదలి వేలు మిషను మీద పెట్టించింది. పడలేదు. తుడిచి పెట్టించింది. పడలేదు. పదివేళ్లూ అయ్యాయి. సిమెంటు ఆ వేళ్ల మీద గీతలు మిగల్చలేదు.

"లిస్టులో ఇద్దరు సింహాచలాలున్నారు మామ్మా. నువ్వే ఈ సింహాచలం అని ఎలా తెలుస్తుంది?" అంది ఆ అమ్మాయి.

ఆమె నా వైపు చెయ్యి చూపించింది. "ఈ బావనడుగమ్మా. మా ఇద్దర్లో ఎవుల పేరు ఎవులెత్తుకుపోనారో ఆయనకే తెలుస్తాది."

అందరూ నవ్వారు. తెలిసి అందా? లేదు. ముప్పై ఏళ్ల పాత వేళాకోళం, అంతే. నోరు తెరిచాను. అక్కడే, అందరి ముందూ చెప్పేద్దామని తెరిచాను. "ఆవిడే సింహాచలం" అని మాత్రం వచ్చింది. అమ్మాయి కాగితం ఇచ్చి సాక్షి సంతకం పెట్టమంది. పెట్టాను. నా సొంత సంతకమే. ఈసారి డబ్బు ఆమె చేతికి వెళ్లింది.

జైలంటే ఈ వయసులో కూడా భయమే. కానీ చెప్పలేకపోవడానికి ఇప్పుడు కారణం అది కాదు. చెబితే ఆమె నవ్వుతుందని భయం. జీడితోట కథలాగే ఇదీ ఇంకో కోత అనుకుని, కడుపు పట్టుకుని నవ్వుతుందేమో. అప్పుడు నేనేం చెయ్యాలి? నమ్మమని ఎలా బతిమాలాలి?

అందుకే ముందు కాగితం మీద పెట్టాను. ఆ చెక్కు నాది కాదు. లచ్చన్న పెళ్లాం సింహాచలానిది. తెలిసే తీసుకున్నాను. తెలిసే ఆమెని భయపెట్టాను. ఇందులో ఒక్క చెట్టు కూడా అదనంగా మొలవలేదు.